హిజ్ర్ కొండల్లో ఎవరి ఇళ్ళు, ఎవరి సమాధులు?

హిజ్రీ శకం తొమ్మిదో సంవత్సరం. అంటే క్రీ.శ. 630. అరేబియాలో ఎండలు మండిపోతున్నాయి. ఖర్జూరాలు పండి, చెట్ల నీడ వదిలి కదలబుద్ధి కాని రోజులు. అలాంటి సమయంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) వేలాది మంది సహచరులతో మదీనా విడిచి ఉత్తరాన తబూక్ వైపు బయలుదేరారు. దారిలో ఒక లోయ వచ్చింది. చుట్టూ ఇసుకరాతి కొండలు. కొండల్లో తొలిచిన ద్వారాలు. మైదానంలో పాత బావులు. దాహంతో ఉన్న జనం బావుల దగ్గర ఆగి నీళ్ళు తోడుకున్నారు, రొట్టెలకు పిండి కలుపుకున్నారు.

సంగతి తెలిసిన ప్రవక్త (స) ఆ నీళ్ళు పారబోయమన్నారు. కలిపిన పిండిని ఒంటెలకు పెట్టమన్నారు. ఒకనాడు హజ్రత్ సాలిహ్ (అ) గారి ఒంటె తాగిన బావి నుంచే నీళ్ళు తోడుకోమన్నారు. తమకు తామే అన్యాయం చేసుకున్న ఆ ప్రజల నివాసాల్లోకి కంటతడితో తప్ప వెళ్ళవద్దని హెచ్చరించి, వస్త్రంతో తల కప్పుకొని, వాహనాన్ని వేగంగా నడిపించి ఆ లోయ దాటిపోయారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

ఆ లోయ పేరే అల్-హిజ్ర్. దివ్య ఖుర్ఆన్‌లో పదిహేనో సూరాకు ఆ పేరే ఉంది. మన పెద్దలు మదాయిన్ సాలిహ్ అని పిలుస్తూ వచ్చారు. 'సాలిహ్ పట్టణాలు' అని అర్థం. మదీనాకు వాయవ్యంగా మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో, అల్-ఉలా అనే ఊరికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు ఉత్తరంగా ఉంటుంది. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సౌదీ అరేబియా నుంచి ఆ జాబితాకెక్కిన మొట్టమొదటి స్థలం ఇదే.

ఈ కొండల గురించి రాయాలని నాకు చాలా కాలంగా ఉంది. రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు, సిగ్గు. ఆ సంగతి ముందే చెప్పేస్తాను.

ఒక జిరాక్సు కాగితం కథ

2004 ప్రాంతంలో అనుకుంటాను, మా మదర్సాకు ఎవరో ఒక జిరాక్సు కాగితం తెచ్చిచ్చారు. గుంటలో పడుకున్న మనిషి అస్థిపంజరం. పుర్రె పక్కన పార పట్టుకున్న మనిషి చీమంత కనిపిస్తున్నాడు. కింద ఉర్దూలో వివరణ: అరేబియా ఎడారిలో గ్యాస్ కోసం తవ్వుతుంటే ఇది బయటపడిందట, ఆద్ జాతి వాళ్ళదట, ప్రభుత్వం దాచేసిందట. నేను ఆ కాగితాన్ని గోడకు అంటించాను. "చూడండి, ఖుర్ఆన్ చెప్పింది నిజమని ఇప్పుడు సైన్సే ఒప్పుకుంటోంది" అని పిల్లలకు చెప్పాను. ఒక శుక్రవారం బయానులో కూడా చెప్పాను. జనం "సుబ్‌హానల్లాహ్" అన్నారు.

నాలుగేళ్ళ తర్వాత, హైదరాబాదులో డిగ్రీ చదువుతున్న పాత విద్యార్థి ఒకడు సెలవులకు వచ్చాడు. సలాం చేసి, కాసేపు అటూ ఇటూ మాట్లాడి, "హజ్రత్, ఆ ఫోటో ఇంకా గోడ మీదే ఉందే" అన్నాడు. ఉంటే ఏమన్నాను. చేతులు నలుపుకుంటూ చెప్పాడు. అది 2002లో కెనడాకు చెందిన ఒక చిత్రకారుడు కంప్యూటర్ మీద తయారుచేసిన బొమ్మ. ఇంటర్నెట్‌లో జరిగిన ఫోటోల మార్పిడి పోటీకి పంపాడు. అసలు ఫోటో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో 2000 సంవత్సరంలో తీసింది. మాస్టొడాన్ అనే ఏనుగు జాతి జంతువు ఎముకల కోసం కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన తవ్వకం అది. గుంట నిజం, మనుషులు నిజం, అస్థిపంజరం మాత్రం అతికించింది. 2007 డిసెంబరులో నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థ ఈ సంగతంతా బయటపెట్టింది. ఇంకో విషయం కూడా చెప్పాడు. అదే బొమ్మను మన దేశంలో కొందరు ఘటోత్కచుడి అస్థిపంజరమని ప్రచారం చేశారట. మనకు ఆద్ జాతి, వాళ్ళకు ఘటోత్కచుడు. ఎముకలు మాత్రం ఒకటే! నవ్వు వచ్చింది గానీ నవ్వలేకపోయాను.

కాగితం తీసేశాను. అంతటితో పోయేది కాదు. వాడు వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "హజ్రత్, నేను చిన్నప్పుడు దాన్ని చూసే నమ్మాను. ఇప్పుడది అబద్ధమైతే..." అని మాట మధ్యలో ఆపేశాడు. ఆ సగం మాట నన్ను చాలా కాలం నిద్రపోనివ్వలేదు. నమ్మకానికి ఆసరాగా నేనొక పుల్ల నిలబెట్టాను. పుల్ల విరిగితే కప్పు కూలుతుందేమోనని పిల్లవాడు భయపడ్డాడు. తప్పు పుల్లదా, నిలబెట్టిన వాడిదా?

ఆ రోజు నుంచి ఆద్, సమూద్ జాతుల గురించి ఏది విన్నా మూలం వెతకడం అలవాటు చేసుకున్నాను. ఉర్దూలో దొరికినవి చదివాను, పిల్లల చేత ఇంగ్లీషువి చదివించుకున్నాను. హిజ్ర్ విషయంలో తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

రాయి మీదే రాసి ఉంది

హిజ్ర్‌లో కొండలకు తొలిచిన కట్టడాలు 111 ఉన్నాయి. వాటిలో 94 చెక్కడపు పనితనం ఉన్నవి. ఎత్తయిన ముఖద్వారం, పైన మెట్ల వరుస ఆకారం, రెండు వైపులా స్తంభాలు, కొన్నిటి మీద రెక్కలు విప్పిన గద్ద. అన్నిటికంటే పేరుపొందినది ఖస్రుల్ ఫరీద్, అంటే 'ఒంటరి కోట'. మైదానం మధ్యలో ఒక్కటే నిలబడిన బండరాయిని చెక్కారు. ఎత్తు ఇరవై మీటర్ల పైమాటే. కింది భాగం పూర్తికాలేదు. ఉలి దెబ్బలు ఇప్పటికీ గరుకుగా కనిపిస్తాయి. ఆ అసంపూర్తి పనే పండితులకు ఒక రహస్యం విప్పింది. వీటిని పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. పరంజా కట్టే పని తగ్గుతుంది, పైనుంచి రాలే రాయి కింద పూర్తయిన చెక్కడాన్ని పాడుచేయదు. మన ఎల్లోరాలోని కైలాస దేవాలయాన్ని చెక్కింది కూడా ఇదే పద్ధతిలో. ఎల్లోరా చూసిన వాళ్ళకు హిజ్ర్ పనితనం ఊహించుకోవడం కష్టం కాదు.

మరి ఎవరు చెక్కారు? ఇక్కడ ఊహతో పనిలేదు. ముప్పైకి పైగా కట్టడాల ద్వారాల మీద శాసనాలున్నాయి. అందులో యజమాని పేరు, ఏ రాజు ఏలుబడిలో ఎన్నో ఏడు, లోపల ఎవరెవరిని ఖననం చేయవచ్చు, చివరికి చెక్కిన శిల్పి పేరు కూడా రాసి ఉంటాయి. వీటిని చదివితే మన రిజిస్ట్రేషన్ దస్తావేజులు గుర్తుకొస్తాయి. ఈ సమాధిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, అద్దెకివ్వరాదు, బయటివాళ్ళను పాతిపెట్టరాదు. మాట తప్పినవాడు దుషారా అనే వారి దేవుడికి ఇంత, రాజుకు ఇంత జుర్మానా కట్టాలి. పైగా శాపం. యజమానుల్లో సేనానులున్నారు, వైద్యుడున్నాడు, స్త్రీలు కూడా ఉన్నారు. తమ పేరున, తమ సంతానం కోసం సమాధులు తొలిపించుకున్న స్త్రీలు!

ఈ శాసనాల భాష అరామిక్. లిపి నబతీ. నబతీయులంటే, జోర్డాన్‌లోని పెట్రా రాజధానిగా రాజ్యమేలిన అరబ్బు వ్యాపారులు. యెమన్ వైపు నుంచి సాంబ్రాణి, సుగంధ ద్రవ్యాలు మోసుకొచ్చే ఒంటెల బిడారులు ఈ దారినే మధ్యధరా సముద్రం వైపు వెళ్ళేవి. పెట్రాకు దక్షిణంగా దాదాపు 500 కిలోమీటర్ల దూరాన వారి పెద్ద పట్టణం ఈ హిజ్ర్. క్రీ.పూ. 9 నుంచి క్రీ.శ. 40 దాకా పాలించిన హారిస (నాలుగవ అరెటాస్) కాలంలోనే ఎక్కువ కట్టడాలు వెలిశాయి. మొత్తం మీద ఈ చెక్కడాల కాలం క్రీ.పూ. ఒకటో శతాబ్దం నుంచి క్రీ.శ. ఒకటో శతాబ్దం దాకా. క్రీ.శ. 106లో రోమన్లు నబతీ రాజ్యాన్ని కలిపేసుకున్నారు. హిజ్ర్‌లో దొరికిన ఒక లాటిన్ శాసనాన్ని బట్టి, 175-177 నాటికి రోమన్ అధికారం ఇంత దూరం వచ్చిందని తేలింది.

అంటే ఫోటోల్లో, క్యాలెండర్ల మీద 'సమూద్ జాతి ఇళ్ళు' అని మనం చూస్తున్నవి ఇళ్ళు కావు, సమాధులు. సమూద్ జాతివి కావు, నబతీయులవి.

డౌటీ అనే ఇంగ్లీషు యాత్రికుడు 1876లో దమస్కస్ నుంచి బయలుదేరిన హజ్ బిడారుతో కలిసి ఇక్కడికి వచ్చాడు. ఇవి సాలిహ్ (అ) కాలపు ఇళ్ళని దారి పొడుగునా విన్నాడు. లోపలికి వెళ్ళి చూస్తే గోడల్లో శవాలు పెట్టే అరలు, నేల మీద ఎముకలు, చినిగిన కఫన్ గుడ్డలు కనిపించాయి. శాసనాల అచ్చులు తీసి తీసుకెళ్ళాడు. అవి ప్యారిస్‌లో ప్రచురితమయ్యాయి. 1907 తర్వాత జెరూసలేం నుంచి జోసెన్, సావిన్యాక్ అనే ఇద్దరు క్రైస్తవ మతాచార్యులు వచ్చి ఒక్కో సమాధినీ కొలిచి, నంబర్లు వేశారు. ఇక 2002 నుంచి లైలా నెహ్మే అనే పరిశోధకురాలి ఆధ్వర్యంలో సౌదీ, ఫ్రెంచి పండితులు కలిసి పరిశీలించి, 2008లో తవ్వకాలు మొదలుపెట్టారు.

నబతీయులు ఎక్కడ నివసించారో ఆ తవ్వకాల్లోనే తేలింది. కొండల్లో కాదు, మధ్యలో ఉన్న మైదానంలో. మట్టి ఇటుకల ఇళ్ళు, చుట్టూ ప్రాకారం. చచ్చినవాడికి రాతి మేడ, బతికినవాడికి మట్టి ఇల్లు! మట్టి ఇల్లు కరిగిపోయింది, రాతి మేడ మిగిలింది. చూసేవాళ్ళు మిగిలినదాన్నే ఇల్లనుకున్నారు.

ఒక సమాధిలో పరిశోధకులు ఎముకలు, బట్టలు, తోలు ముక్కలు జాగ్రత్తగా తీసి పరీక్షించారు. ద్వారం మీద ఉన్న పేరు హినత్, వహబ్ కుమార్తె. క్రీ.శ. 60-61 నాటిది. అక్కడ దొరికిన ఒక స్త్రీ పుర్రె ఆధారంగా ఆమె ముఖాన్ని తిరిగి తయారుచేసి 2023లో ప్రదర్శించారు. ఆ బొమ్మ చూశాను. మన వీధిలో కూరగాయల దగ్గర కనిపించే ఏ పెద్దమ్మో అనిపించింది. ఆమె ఎత్తు మనందరిలాంటిదే. అరవై అడుగుల మనుషులెవరూ ఆ సమాధుల్లో లేరు.

మరి సమూద్ జాతి మాటేమిటి?

ఇంత చదివాక నా గుండె కూడా దడదడలాడింది. దాచుకోవడమెందుకు? ఆ విద్యార్థి గుమ్మం దగ్గర వదిలేసిన సగం మాట ఇప్పుడు నా నోటికే వచ్చింది. దివ్య ఖుర్ఆన్ సమూద్ జాతి కొండలను తొలిచి ఇళ్ళు చేసుకున్నదంటోంది, మైదానాల్లో భవనాలు కట్టుకున్నదంటోంది. హిజ్ర్ వాసులు ప్రవక్తలను తిరస్కరించారంటోంది. పండితులేమో సమాధులంటున్నారు, నబతీయులంటున్నారు.

జవాబు కోసం ఇంగ్లీషు పుస్తకాల్లో వెతికాను. చివరికి అది నేను కంఠస్థం చేసిన చోటే దొరికింది. అల్-మూమిన్ సూరాలో ఫిరౌను దర్బారులో తన విశ్వాసాన్ని దాచుకున్న ఒక వ్యక్తి లేచి మాట్లాడతాడు. నూహ్ (అ) జాతికి, ఆద్‌కు, సమూద్‌కు పట్టిన గతి మీకూ పడుతుందేమోనని తన వాళ్ళను హెచ్చరిస్తాడు. అంటే హజ్రత్ మూసా (అ) కాలానికే సమూద్ కథ ముగిసిపోయింది. అది ఈజిప్టు వాళ్ళకు కూడా తెలిసిన పాత సంగతి. మరి క్రీ.శ. ఒకటో శతాబ్దంలో, ఈసా (అ) తర్వాతి రోజుల్లో తొలిచిన సమాధులు సమూద్ జాతి ఇళ్ళు ఎలా అవుతాయి? ఖుర్ఆన్ లెక్క ప్రకారమే కావు! ఖుర్ఆన్ చెప్పని మాటను మనం ఫోటో కింద రాసి, అది తప్పని తేలితే ఖుర్ఆన్‌కు ముప్పు వచ్చిందని బెంగపడుతున్నాం.

అల్-హిజ్ర్ సమూద్ నేల అన్న విషయం వేరు, ఈ 94 చెక్కడాలు సమూద్ చేతిపని అన్న విషయం వేరు. మొదటిది ఖుర్ఆన్, హదీసుల మాట. రెండోది క్యాలెండర్ మాట.

అయితే సమూద్ అన్న పేరు బయట ఎక్కడా లేదా అంటే, ఉంది. ఇరాక్‌లోని అస్సీరియా చక్రవర్తి రెండవ సర్గోన్ క్రీ.పూ. 715 నాటి తన విజయాల్లో, ఎడారిలో ఓడించిన అరబ్బు తెగల పేర్లు రాయించుకున్నాడు. అందులో 'తముది' ఒకటి. మిగిలిన వాళ్ళను తీసుకెళ్ళి పాలస్తీనాలోని సమారియాలో స్థిరపరిచానని చెప్పుకున్నాడు. అంటే నబతీయుల సమాధుల కంటే ఏడు వందల ఏళ్ళ ముందే ఆ పేరుగల జనం ఉన్నారు. తర్వాత క్రీ.శ. 160లలో కట్టిన ఒక గుడి శిథిలాలు వాయవ్య అరేబియాలోని రువాఫా దగ్గర ఉన్నాయి. గ్రీకు, నబతీ భాషల్లో శాసనం ఉంది. రోమన్ చక్రవర్తుల గౌరవార్థం దాన్ని కట్టించింది సమూద్ వాళ్ళే. శిక్ష పడిన జాతి తర్వాత మళ్ళీ ఈ సమూద్ ఎవరని అడగవచ్చు. సాలిహ్ (అ)ను విశ్వసించిన వాళ్ళు రక్షించబడ్డారని ఖుర్ఆనే చెబుతోంది. వాళ్ళ సంతతా, లేక పేరు పెట్టుకున్న మరో తెగా అన్నది రాతి మీద రాసి లేదు.

ఉర్దూ చదివే పాఠకులకు సయ్యద్ సులైమాన్ నద్వీ గారి 'తారీఖ్ అర్జుల్ ఖుర్ఆన్' తెలిసే ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే ఆయన యూరోపియన్ యాత్రికులు, శాసనాలు, పాత గ్రీకు రచయితలు అన్నీ ముందు పెట్టుకొని ఈ జాతుల చరిత్ర రాశారు. మౌలానా మౌదూదీ 1959లో స్వయంగా హిజ్ర్, పెట్రా రెండూ చూసి వచ్చారు. పాశ్చాత్య పండితులు హిజ్ర్ కట్టడాలను కూడా నబతీయులవే అనడం సరికాదని, కొండలు తొలిచే విద్య సమూద్‌తో మొదలై నబతీయుల చేతిలో పరాకాష్ఠకు చేరిందని తఫ్‌హీముల్ ఖుర్ఆన్‌లో అభిప్రాయపడ్డారు. ఆయన వెళ్ళింది ఈ తవ్వకాలకు అర్ధ శతాబ్దం ముందు. శాసనాలున్న సమాధుల విషయంలో, రాజు పేరు, ఏడు, శిల్పి పేరు రాయి మీదే ఉండగా, మౌలానా మాట నిలవదని నా అభిప్రాయం. పెద్దలతో విభేదించడం బేఅదబీ కాదు. వాళ్ళు మనకు నేర్పిందీ అదే పద్ధతి.

ఇప్పటికి తవ్వింది ఆ నేలలో కొద్ది భాగమే. హిజ్ర్‌లో నబతీయుల కంటే ముందు కాలానివి యాభై దాకా శాసనాలు, కొండ గుహల్లో బొమ్మలు ఉన్నాయి. పక్కనే అల్-ఉలా దగ్గర దదాన్, లిహ్యాన్ రాజ్యాల శిథిలాలు అంతకంటే పాతవి. వాయవ్య అరేబియాలో రాళ్ళు పేర్చి కట్టిన పొడవాటి దీర్ఘచతురస్రాలు వెయ్యికి పైగా ఉన్నాయని, అవి ఏడు వేల ఏళ్ళ నాటివని 2021లో పరిశోధకులు ప్రకటించారు. వాటిని ముస్తతీల్ అంటారు. 2024లో ఖైబర్ ఒయాసిస్‌లో అల్-నతా అనే పట్టణం బయటపడిందన్నారు. నాలుగు వేల ఏళ్ళు దాటిన ఊరు. ఐదు వందల మంది దాకా నివసించి ఉంటారని అంచనా. నా చిన్నతనంలో అరేబియా అంటే ఇసుక తప్ప ఏమీ లేదని పాఠ్యపుస్తకాలు చెప్పేవి!

ఆద్ జాతి వారి ఇరమ్ సంగతి కూడా ఇలాంటిదే. 1992లో ఒమన్‌లోని షిసర్ దగ్గర ఉపగ్రహ చిత్రాల సాయంతో పాత బిడారుల దారులు పట్టుకొని ఒక కోటను తవ్వారు. కింద ఉన్న సున్నపురాయి గుహ కూలి సగం కోట గోతిలో పడిపోయి ఉంది. 'ఉబార్ దొరికింది, ఇరమ్ దొరికింది' అని ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. మన పత్రికలూ రాశాయి. తవ్విన పండితుడు జూరిస్ జరిన్స్ మాత్రం తర్వాత ఉబార్ అన్నది ఒక నగరం కాదు, ఒక ప్రాంతం పేరు అన్నారు. మొదటి వార్త ఇప్పటికీ కరపత్రాల్లో తిరుగుతోంది. రెండోది ఎవరూ అచ్చు వేయరు.

నీళ్ళ వంతు

సమాధుల మీద అందరి కళ్ళూ ఉంటాయి గానీ, నన్ను ఆకట్టుకున్నవి బావులు. హిజ్ర్ మైదానంలో 130 దాకా పాత బావులను గుర్తించారు. వానలు లేని ఆ నేలలో, కొండల మీద పడిన కాస్త నీరు ఇంకి భూమిలో చేరేది. దాన్ని తోడి ఖర్జూర తోటలు పెంచారు, బిడారులకు అమ్మారు. నీరుంది కాబట్టే ఊరు. ఊరుంది కాబట్టే సమాధులు.

సాలిహ్ (అ) వృత్తాంతంలో ఒంటె అనగానే మహిమ గురించే మాట్లాడతాం. షుఅరా సూరా, ఖమర్ సూరా తెరిచి చూడండి. అక్కడ తగాదా నీళ్ళ వంతు గురించి. ఒక రోజు ఒంటెది, ఒక రోజు జనానిది. కాలువ కింద వ్యవసాయం చేసే వాళ్ళకు వంతు నీళ్ళంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. పై రైతు రాత్రికి రాత్రి గండి కొడితే కింది రైతు చేను ఏమవుతుందో తెలిసిన వాళ్ళే. ఒక్క మూగ జంతువు వంతును సహించలేక దాన్ని చంపారు. తబూక్ ప్రయాణంలో ప్రవక్త (స) కూడా కొండల కేసి వేలు చూపి వివరించలేదు. బావుల గురించి ఆదేశమిచ్చారు, ఏ బావి నీళ్ళు తాగాలో చెప్పారు.

పోవచ్చా, పోకూడదా?

ఇప్పుడు ఇది చాలామంది అడిగే ప్రశ్న. 2019లో సౌదీ ప్రభుత్వం పర్యాటక వీసాలు ఇవ్వడం మొదలుపెట్టాక అల్-ఉలా పెద్ద యాత్రాస్థలమైంది. ఉమ్రాకు వెళ్ళిన మన తెలుగు ముస్లిం కుటుంబాలు కూడా మదీనా నుంచి బస్సులో వెళ్ళి చూసి వస్తున్నాయి. అక్కడికి పోతే గునాహ్ అని కొందరు, పోకపోతే డబ్బు దండగ అని కొందరు. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. హదీసులో ఉన్నది మాత్రం గుర్తుచేస్తాను. పూర్తిగా వెళ్ళవద్దని కాదు, కంటతడితో వెళ్ళమని. సమాధి ద్వారం ముందు వేళ్ళు ఊపుతూ సెల్ఫీలు తీసుకునే వాళ్ళను చూస్తే, ఆ షరతు ఎంత కష్టమైనదో అర్థమవుతుంది.

వెళ్ళే వాళ్ళు అక్కడ పాత రైల్వే స్టేషనును కూడా చూడండి. అది హిజాజ్ రైలు మార్గం. దమస్కస్ నుంచి మదీనా దాకా హాజీల కోసం ఉస్మానియా ఖలీఫా 1900లో మొదలుపెట్టించి 1908లో పూర్తిచేయించారు. ప్రపంచ ముస్లింలు చందాలిచ్చారు. హిందుస్తాన్ నుంచి, హైదరాబాదు నుంచి కూడా వెళ్ళాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టాలు పేల్చేశారు.

హైదరాబాదు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పాత రాళ్ళు, శాసనాలు మనకెందుకని కొందరు ముస్లింలు అంటుంటారు. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టినప్పుడు మొదటి అధిపతి గులాం యజ్దానీ గారు. అరబీ, ఫార్సీ పండితుడు. అజంతా బౌద్ధ గుహల చిత్రాలను కాపాడి, వాటి మీద నాలుగు సంపుటాలు వెలువరించింది ఆయనే.

రఖూష్ సమాధి

చివరిగా ఒక శాసనం సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది. పెద్ద సమాధులు చెక్కిన కాలానికి రెండు వందల ఏళ్ళ తర్వాత, క్రీ.శ. 267లో హిజ్ర్‌లో రఖూష్ అనే ఆమె చనిపోయింది. ఆమె కొడుకు కఅబ్, హారిస కుమారుడు, తల్లికి సమాధి కట్టించి రాయించాడు. లిపి నబతీదే, కొన్ని మాటలు అరామిక్. కానీ మిగతా అంతా అరబీ! అరబీ భాషలో తేదీతో దొరికిన అతి పాత శాసనాల్లో ఇది ఒకటి. ఖుర్ఆన్ అవతరణ మొదలవడానికి దాదాపు 340 ఏళ్ళ ముందుది. మనం ఈరోజు చదివే అరబీ లిపి కూడా ఈ నబతీ రాతే మారుతూ మారుతూ వచ్చిందని పండితుల నిర్ణయం. తమ దేవుళ్ళకు జుర్మానాలు కట్టమన్న జనం రాతే, తర్వాత అల్లాహ్ వాక్కును తోలు మీద, ఎముకల మీద రాసుకోవడానికి పనికొచ్చింది.

ఆ పాత విద్యార్థి ఇప్పుడు జిద్దాలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన రంజాన్ తర్వాత భార్యాపిల్లలతో హిజ్ర్ వెళ్ళి, ఆ శాసనం ఫోటో ఫోనులో పంపాడు. కింద దాని అక్షరాలను మామూలు అరబీ లిపిలో రాసిన కాగితం కూడా జతచేశాడు. "హజ్రత్, ఈసారి కంప్యూటర్ బొమ్మ కాదు, నేనే తీశాను" అని రాశాడు.

కళ్ళద్దాలు పెట్టుకొని పిల్లల ముందు కూర్చుని చదవడానికి ప్రయత్నించాను. మొదట ఒక్క అక్షరం కూడా పట్టుబడలేదు. తర్వాత కాగితం పక్కన పెట్టుకొని ఒక్కొక్కటే కూడబలుక్కున్నాం. ఖబ్ర్, అంటే సమాధి. సనఅ, అంటే చేశాడు. హలకత్, అంటే చనిపోయింది. సమాధిని తెరిచిన వాడి మీద 'లోక ప్రభువు' శాపం పడుగాక అన్న చోట లఅన అన్న మాట. పదేళ్ళ కుర్రాడొకడు ముందుకు వంగి, ఒక చోట వేలు పెట్టి, "హజ్రత్, ఇది అల్-హిజ్ర్ కదూ?" అన్నాడు.

అదే. తల్లి ఏ ఊళ్ళో చనిపోయిందో కొడుకు రాయించాడు.